గుర్రపుశాల, అంటువ్యాధి, సైసు

గుర్రం సహజంగా మందలో బతికే జంతువే అయినా, ఒకే కప్పు కింద, గాలి సరిగా ఆడని గదుల వరుసలో, ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన గుర్రాల పక్కన నిలబడి, అన్నిటికీ ఒకటే అయిన తొట్టిలో మూతిపెట్టి బతకడం దాని స్వభావంలో ఉన్నది కాదు. ఆ ఏర్పాటు మనిషి తన అవసరం కోసం చేసుకున్నది. బయలులో మేసే మందలో జబ్బుపడిన గుర్రం తనంతట తానే వెనకబడి మిగిలినవాటికి దూరమవుతుంది గాని, శాలలో కట్టేసిన గుర్రానికి ఆ వీలుండదు, దాని పక్క గదిలోని గుర్రానికి తప్పుకునే వీలు అంతకన్నా ఉండదు. ఏ గుర్రం పక్కన ఏది ఉండాలో, ఏ బకెట్టుతో దేనికి నీళ్లు పెట్టాలో, ఒక గుర్రాన్ని తోమిన చేతులతో తరవాత ఏ గుర్రానికి కళ్ళెం వేయాలో నిర్ణయించేది మనిషే. అందువల్ల శాలలో అంటువ్యాధి, అంటే సూక్ష్మజీవి కారణంగా పుట్టి ఒక ప్రాణి నుంచి మరో ప్రాణికి పాకే జబ్బు, ఎలా వ్యాపించిందో ఆరా తీసిన ప్రతిసారీ గుర్రాల కదలికలతో పాటు మనుషుల కదలికలనూ లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది. వ్యాక్సిన్లకూ మందులకూ ఉన్న విలువను తగ్గించకుండానే, శాలలో వ్యాధి నివారణ అన్నిటికంటే ఎక్కువగా గుర్రాలను చూసుకునే పనివాడైన సైసు పనితీరు మీద, ఆ పనికి అతనికి దొరికే వసతుల మీద ఆధారపడి ఉందని నిరూపించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

స్మారకోపన్యాసాలు సాధారణంగా ఒక పండితుని పేరుమీదనో, ఒక దాత పేరుమీదనో జరుగుతాయి. ఈ ఉపన్యాసం మాత్రం గుర్రాలకు దాణా పెడుతూ, మాలీసు చేస్తూ, లద్ది ఎత్తుతూ, చివరకు ఆ గుర్రాల జబ్బే తమకు అంటుకుని మరణించిన సైసుల స్మృతికి ఉద్దేశించినది. వారి పేర్లు చాలావరకు ఏ రికార్డుకూ ఎక్కలేదు. అటువంటివారిలో ఒకరి ప్రస్తావన వైద్యశాస్త్ర చరిత్రలో 1837లో కనిపిస్తుంది: పారిస్‌లోని షారితే ఆసుపత్రిలో పియేర్ రాయే అనే వైద్యుడు చూసిన ఆ రోగి ఒక గుర్రపుశాల పనివాడు, జబ్బు గుర్రం ఉన్న శాలలోనే రాత్రుళ్లు పడుకునేవాడు. అతని ఒంటి మీది పుండ్ల రసిని ఒక గుర్రానికి ఎక్కించగా ఆ గుర్రానికి గ్లాండర్స్ వచ్చింది. దాంతో గుర్రానికి వచ్చే గ్లాండర్స్, మనిషికి వచ్చే గ్లాండర్స్ ఒకటేనన్న సంగతి సందేహం లేకుండా రుజువైంది. శాస్త్రానికి అంత పెద్ద సాక్ష్యం ఇచ్చిన ఆ మనిషి మాత్రం చికిత్స లేని కాలంలో కన్నుమూశాడు.

గ్లాండర్స్ గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది, ఎందుకంటే శాలల్లో వ్యాపించే జబ్బులన్నిటిలో మనిషినీ గుర్రాన్నీ ఒకే తాటికి కట్టే జబ్బు ఇదే. దీనికి కారణమైన బ్యాక్టీరియాను 1882లో బెర్లిన్‌లో ఫ్రెడరిక్ లోఫ్లర్, విల్‌హెల్మ్ షూట్జ్ వేరుచేశారు. నేటి శాస్త్రంలో దాని పేరు బర్ఖోల్డేరియా మాలై. గాడిదల్లో, కంచర గాడిదల్లో ఇది కొద్ది రోజుల్లోనే ప్రాణం తీసే తీవ్రరూపంలో కనిపిస్తే, గుర్రాల్లో నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి లోలోపల సాగుతుంది. ముక్కులో పుండ్లు పడి చిక్కటి చీమిడి కారడం, ఆ పుండ్లు మానినచోట నక్షత్రం ఆకారంలో మచ్చ మిగలడం ఒక రూపం. ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టడం మరో రూపం. కాళ్ల మీద, పొట్ట పక్కన చర్మం కింది నాళాల వెంట పూసల దండలా గడ్డలు లేచి చితకడం మూడో రూపం, దీన్నే ఫార్సీ అంటారు. జబ్బు ముదిరి కళ్లకు కనపడే గుర్రం కంటే, కాస్త బక్కచిక్కి అప్పుడప్పుడు దగ్గుతూ పనిచేస్తూనే ఉండే గుర్రం వల్ల శాలకు ఎక్కువ ప్రమాదం. అటువంటి గుర్రాన్ని పట్టుకోవడానికే 1890 ప్రాంతంలో రష్యాలో హెల్మన్, కల్నింగ్ విడివిడిగా మాలీన్ అనే ద్రవాన్ని తయారుచేశారు. చంపిన బ్యాక్టీరియా నుంచి తీసిన ఈ ద్రవాన్ని కంటి రెప్పలోకి ఎక్కిస్తే, జబ్బు ఉన్న గుర్రానికి రెప్ప వాచి చీము కారుతుంది. ఆ పరిశోధన చేస్తున్నప్పుడే కల్నింగ్‌కు గ్లాండర్స్ సోకింది, 1891లో ఆయన దానితోనే మరణించారు. ఈ స్మృతిలో ఆయనకూ చోటుంది.

గ్లాండర్స్‌కు వ్యాక్సిన్ లేదు. గుర్రానికి చికిత్స చేయడాన్ని చట్టం అనుమతించదు. పరీక్షలో జబ్బు తేలిన గుర్రాన్ని బాధ లేకుండా చంపి లోతుగా పూడ్చడమో కాల్చడమో చేయాలి. ఇంత కఠినమైన జబ్బును బ్రిటన్ 1928 నాటికి పూర్తిగా తుడిచిపెట్టగలిగింది. మాలీన్ పరీక్ష, జబ్బు గుర్రాల నిర్మూలన, యజమానికి పరిహారం అనే మూడింటికి తోడు, వీధుల్లో బండిగుర్రాలన్నీ మూతిపెట్టే ఉమ్మడి నీటి తొట్ల మీద వచ్చిన అనుమానం కూడా ఆ కృషిలో భాగమే. లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ అటువంటి తొట్లను మూసివేయించి, బండివాడు తన బకెట్టు తాను వెంట తెచ్చుకోవాలని అప్పటి అధికారులు ఒత్తిడి చేశారు. జబ్బు గుర్రం ముక్కు నుంచి నీళ్లలో పడిన చీమిడి తరవాత తాగే గుర్రం నోట్లోకి పోతుంది. ఉమ్మడి తొట్టి తీసేయడానికి పరిశోధనశాల అక్కర్లేదు, ప్రతి గుర్రానికీ ఒక బకెట్టు ఉంటే చాలు.

భారతదేశంలో గ్లాండర్స్, ఫార్సీల చట్టం 1899లోనే వచ్చింది. ఆ చట్టం వచ్చిన నూరేళ్లకు జబ్బు దాదాపు మరుగున పడిందనుకున్న దశలో, 2006లో మహారాష్ట్రలోని పుణె, పంచ్‌గని ప్రాంతాల్లో మళ్లీ తలెత్తి, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ వంటి రాష్ట్రాలకు పాకింది. పంచ్‌గని పర్యాటకులు గుర్రపు స్వారీ చేసే ఊరు, ఉత్తరాది జిల్లాల్లో గుర్రాలూ కంచర గాడిదలూ ఇటుక బట్టీల్లో పనిచేస్తాయి. ఒకచోట వినోదం, ఒకచోట కూలి, జబ్బుకు మాత్రం రెండూ ఒకటే. 1899 నాటి చట్టాన్ని రద్దుచేస్తూ 2009లో జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది. జబ్బు అనుమానం కలిగిన వెంటనే కబురు చెప్పడం, ఆ జంతువును వేరుగా ఉంచడం యజమాని విధులని ఈ చట్టం చెబుతుంది. 2019లో కేంద్ర పశుసంవర్ధక శాఖ గ్లాండర్స్ నిర్మూలనకు జాతీయ కార్యప్రణాళికను ప్రకటించింది. హర్యానాలోని హిసార్‌లో 1985లో స్థాపించిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం రక్తపరీక్షలతో జబ్బును నిర్ధారిస్తుంది.

తెలుగువారికి గుర్రపుశాల కొత్త విషయం కాదు. తిక్కన విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి అనే మారుపేరుతో విరాటుని గుర్రాలను కాచిన కథ తెలుగు ఇళ్లలో అందరూ ఎరిగినదే. పాండవుల్లో ఒకడు ఏడాదిపాటు సైసు పని చేశాడని, అది తక్కువ పనిగా కవి చూపలేదని గుర్తుచేసుకోవడం ఈ సందర్భంలో అవసరం. గుర్రాల లక్షణాలను గురించి మనుమంచిభట్టు రాసిన హయలక్షణ విలాసము తెలుగులో ఈ శాస్త్రానికి ఉన్న పాత గ్రంథం. విజయనగర సామ్రాజ్యానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, సాళువ నరసింహుని కాలంలో హొర్మూజు నుంచీ ఏడెన్ నుంచీ ఓడల్లో తెప్పించిన గుర్రాల్లో దారిలో చచ్చినవాటికి కూడా రాజు డబ్బు చెల్లించేవాడని, సముద్రంలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలునని రాశాడు. ఇరుకైన ఓడలో వారాల తరబడి పక్కపక్కన నిలబెట్టిన గుర్రాల్లో ఎన్ని ప్రయాణపు బడలికతో చచ్చాయో, ఎన్ని అంటువ్యాధితో చచ్చాయో తేల్చడానికి ఆ తోకలు పనికిరావు గాని, దిగుమతి ప్రయాణంలో గుర్రం చావు మామూలు ఖర్చుగా లెక్కకట్టిన కాలం ఒకటి ఉందని అవి చెబుతాయి.

ఈ ఉపన్యాసం జరుగుతున్న జంషెడ్‌పూర్ విషయానికి వస్తే, సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ నగరం గుర్రపు పందేలకు పేరుపడినది కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కర్మాగారం పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కూడా గుర్రాలతో పని ఉన్నవారు తక్కువే. అయినా ఈ నగరంలో గుర్రాలు రెండు వేర్వేరు లోకాల్లో బతుకుతున్నాయి. ఒకటి టాటా స్టీల్ వారి గుర్రపు స్వారీ శిక్షణశాల వంటి చోటు. అక్కడ పిల్లలు స్వారీ నేర్చుకుంటారు, పోటీలు జరుగుతాయి, పశువైద్యుని పర్యవేక్షణ ఉంటుంది. రెండోది లగ్గాల కాలంలో పెళ్లికొడుకును ఎక్కించుకుని ఊరేగే గుర్రాలది; ఇవి ఇరుకు సందుల్లో, రేకుల కప్పు కింద, ఒకటీ రెండూ చొప్పున ఉంటాయి, యజమానే సైసు. గుర్రాల క్రయవిక్రయాలకు తూర్పు భారతంలో పేరుమోసిన సోన్‌పూర్ సంత బీహార్‌లో గంగా గండకీ సంగమం దగ్గర కార్తీక పౌర్ణమికి జరుగుతుంది. అటువంటి సంతలో చేతులు మారిన గుర్రం వారం తిరగకుండా ఏ ఊళ్లోనైనా ఉండవచ్చు. కోల్‌కతా, రాంచీ రెండూ రోడ్డు మార్గాన ఒక్క రోజు ప్రయాణంలో ఉన్నవే. రెండు లోకాల గుర్రాలూ ఎన్నడూ ఎదురుపడకపోయినా, వాటికి లాడాలు కొట్టే మనిషి ఒక్కడే కావచ్చు, గడ్డి తెచ్చే బండి ఒక్కటే కావచ్చు. శిక్షణశాలకు ఎంత ఎత్తు ప్రహరీ ఉన్నా, పెళ్లిగుర్రం ఆరోగ్యాన్ని విడిచిపెట్టి తన గుర్రాల ఆరోగ్యాన్ని కాపాడుకోవడం ఆ శాలకు సాధ్యం కాదు.

ఈ మాట ఊహ మీద అన్నది కాదు. 2007 ఆగస్టులో జపాన్ నుంచి ఆస్ట్రేలియాకు వచ్చిన పందెపు జాతి మగ గుర్రాలను సిడ్నీ దగ్గర ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ కేంద్రంలో ఉంచారు. క్వారంటైన్ అంటే బయటి నుంచి వచ్చిన ప్రాణిని జబ్బు బయటపడే గడువు తీరేదాకా విడిగా ఉంచి గమనించడం. ఆ గుర్రాలతో వచ్చిన గుర్రపు ఇన్‌ఫ్లుయెంజాను అంతకు ముందు ఆ దేశం ఎరగదు. కాబట్టి అక్కడి గుర్రాల్లో దానికి ప్రతిరక్షకాలు, అంటే సూక్ష్మజీవిని ఎదుర్కోవడానికి రక్తంలో తయారయ్యే పదార్థాలు, ఏమీ లేవు. కొద్ది రోజుల్లోనే వైరస్ ఆ కేంద్రం దాటి, మెయిట్‌లాండ్ దగ్గర జరిగిన ఒక స్వారీ పోటీకి చేరి, అక్కడి నుంచి సిడ్నీ నడిబొడ్డున ఉన్న సెంటెన్నియల్ పార్కు శాలలకు పాకింది. చివరకు సుమారు 70,000 గుర్రాలకు జబ్బు వచ్చింది, పందేలూ పోటీలూ నెలల తరబడి ఆగిపోయాయి. న్యాయమూర్తి కాలినన్ నాయకత్వంలో జరిగిన విచారణ, వైరస్ బయటికి వచ్చింది గుర్రం వల్ల కాదని, ఒక మనిషి ఒంటినో బట్టలనో సామానునో అంటిపెట్టుకుని వచ్చి ఉంటుందని తేల్చింది. ఆ కేంద్రంలోకి వచ్చిపోయేవారు స్నానం చేసి బట్టలు మార్చుకోవాలన్న నియమం కాగితం మీద ఉన్నా, అది జరుగుతున్నదో లేదో చూసేవారు లేకపోయారు. సబ్బు, నీళ్లు, మార్చుకునే బట్టలు, వాటికి పట్టే పావుగంట సమయం: ఒక సంపన్న దేశం ఈ నాలుగింటిలో తప్పిపోయింది.

అదే జబ్బు భారతదేశంలో 1987లో ఒకసారి, 2008లో మరోసారి విజృంభించింది. రెండోసారి జమ్మూలోని కట్రా దగ్గర, వైష్ణోదేవి యాత్రికులను మోసే గుర్రాల్లో, కంచర గాడిదల్లో 2008 జూన్‌లో కనపడి, ఏడాది తిరిగేసరికి 11 రాష్ట్రాలకు వ్యాపించింది. గుర్రపు ఇన్‌ఫ్లుయెంజా సాధారణంగా ప్రాణం తీయదు, కాని ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడి, పొడి దగ్గుతో శాల అంతటా ఒక్కసారిగా అలుముకుంటుంది. దగ్గిన గుర్రం నోటి తుంపర గాలిలో చాలా దూరం పోతుంది కాబట్టి, ఈ జబ్బు విషయంలో బకెట్టు వేరుచేసినంత మాత్రాన చాలదు, వ్యాక్సిన్ తప్పనిసరి. హిసార్ కేంద్రం కట్రాలో దొరికిన వైరస్ రకాన్ని చేర్చి వ్యాక్సిన్‌ను నవీకరించింది. బరువు మోసి రోజుకూలి తెచ్చే గుర్రానికి జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలు విశ్రాంతి కావాలి, దగ్గు తగ్గిందని మర్నాడే ఎక్కితే ఊపిరితిత్తులు, గుండె దెబ్బతింటాయి. వ్యాక్సిన్ దొరికినా ఈ విశ్రాంతి దొరకని గుర్రాలే దేశంలో ఎక్కువ.

ఇప్పుడు శాల లోపలి పనిని దగ్గర నుంచి చూడవలసి ఉంది. పొద్దున్నే సైసు నీళ్లు పెట్టే దృశ్యం అందరికీ మామూలుగా కనిపిస్తుంది: కుళాయికి తగిలించిన రబ్బరు పైపును లాక్కుంటూ గది గదికీ పోతాడు, పైపు కొసను బకెట్టులో వదిలి, ఆ నీళ్లు నిండేలోగా గుర్రం మెడ నిమురుతాడు, నిండగానే పైపు తీసి పక్క గది బకెట్టులో వేస్తాడు. ప్రతి గుర్రానికీ వేరు బకెట్టు ఉందని యజమాని సంతోషిస్తాడు గాని, ఆ పైపు కొస మొదటి బకెట్టులో మునిగి, అందులో ఉన్న చొంగనూ చీమిడినీ చివరి బకెట్టు దాకా మోసుకుపోయింది. పైపు కొసను నీటి మట్టానికి జానెడు పైన పట్టుకుంటే ఈ దారి మూసుకుపోతుంది. లద్ది ఎత్తిన తోపుడుబండిలోనే నానబెట్టిన ఉలవలు తెచ్చి పోయడం, ఒకే తువ్వాలుతో వరుసగా అన్ని గుర్రాల ముక్కులూ తుడవడం, ఒక గుర్రం నోట్లోంచి తీసిన కళ్ళెం ముల్లును కడగకుండా మరోదానికి పెట్టడం, తోమే బ్రష్షు ఒక్కటే ఉండటం ఇవన్నీ ఇదే కోవకు చెందుతాయి. వీటిలో దేనినీ సైసు నిర్లక్ష్యమని కొట్టిపారేయడం న్యాయం కాదు. పది గుర్రాలకు ఇద్దరు మనుషుల్ని పెట్టి, ఒక పైపూ రెండు బ్రష్షులూ కొనిచ్చిన శాలలో మరో రకంగా పని జరగదు.

శుభ్రం చేయడంలో కూడా వరుస ఉంది. లద్ది, గడ్డి, చీము అంటుకుని ఉన్న నేల మీద క్రిమినాశకం ఎంత పోసినా, ఆ మురికే దాన్ని ముందు తినేస్తుంది, సూక్ష్మజీవి కింద క్షేమంగా ఉంటుంది. ముందు ఊడ్చి, సబ్బు నీళ్లతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, ఆ తరవాత క్రిమినాశకం పోసి, చెప్పినంతసేపు తడిగా ఉంచాలి. మట్టి నేల ఉన్న శాలలో ఇది పూర్తిగా సాధ్యపడదు కాబట్టి, కొత్తగా కట్టేవారు జబ్బు గుర్రాలకు ఉద్దేశించిన గదికైనా గచ్చు నేల వేయించడం మేలు.

జబ్బును ముందుగా కనిపెట్టే సాధనాల్లో థర్మామీటరును మించినది లేదు. పెద్ద గుర్రం ఒంటి వేడి మామూలుగా 99.5 నుంచి 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. సైసు గుర్రం ఎడమ పక్కన, వెనక కాలికి ఆనుకుని నిలబడి, తోకను పక్కకు తీసి, కొంచెం వాజలైన్ రాసిన థర్మామీటరును మలద్వారంలో పెట్టి, అది లోపలికి జారకుండా దానికి కట్టిన దారాన్ని క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలిస్తాడు. ఒక నిమిషంలో అంకె తెలుస్తుంది. ఉదయం పనికి తీయకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి గది తలుపు మీది పట్టికలో రాస్తే, ఆ గుర్రానికి మామూలు వేడి ఎంతో, ఈ రోజు ఎంత పెరిగిందో చదవగలిగినవారెవరికైనా తెలుస్తుంది. స్ట్రాంగిల్స్ అనే జబ్బులో ఈ అంకె విలువ బాగా బోధపడుతుంది. స్ట్రెప్టోకాకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా వల్ల గుర్రానికి దవడ కింది గ్రంథులు వాచి, చీముగడ్డలై, ఒక్కోసారి ఊపిరి ఆడనంతగా గొంతును నొక్కేస్తాయి; అయితే జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల తరవాత గాని ముక్కులోంచి బ్యాక్టీరియా బయటికి రాదు. జ్వరం కనిపించిన పూటే గుర్రాన్ని వేరుచేసినవారు పక్క గుర్రాన్ని కాపాడుకుంటారు, చీమిడి కారేదాకా ఆగినవారికి ఆ అవకాశం ఉండదు.

స్ట్రాంగిల్స్ మరో పాఠం కూడా నేర్పుతుంది. గుర్రానికి దవడ వెనక, చెవి నుంచి గొంతుకు పోయే నాళం మీద గట్టరల్ పౌచ్ అనే గాలిసంచులు రెండు ఉంటాయి. జబ్బు తగ్గిన గుర్రాల్లో కొన్నిటికి ఆ సంచుల్లో చీము గట్టిపడి మిగిలిపోయి, పైకి ఏ లక్షణమూ లేకుండా నెలలూ ఏళ్లూ బ్యాక్టీరియాను వదులుతూనే ఉంటాయి. సంతలో కొన్న గుర్రం నిగనిగలాడుతున్నంత మాత్రాన దాన్ని నేరుగా శాలలో కట్టకూడదనడానికి కారణం ఇదే. కొత్తగా వచ్చిన గుర్రాన్ని మూడు వారాలు విడిగా, గాలి అటునుంచి శాల మీదికి వీచని చోట, దాని బకెట్టు, బ్రష్షు, జీను దానికే ఉంచి గమనించాలి. విడిగా ఉంచిన గుర్రానికి వేరే మనిషిని పెట్టడం ఉత్తమం. ఆ స్తోమత లేనిచోట పని వరుస మార్చుకోవాలి, అంటే ఆరోగ్యంగా ఉన్న గుర్రాల పని ముందు ముగించి, కొత్త గుర్రాన్ని తరవాత, జబ్బు గుర్రాన్ని అన్నిటికంటే ఆఖరున చూసి, చేతులు కడుక్కుని, చెప్పులూ పైబట్టా అక్కడే విడిచి రావాలి.

2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వలెన్సియాలో అంతర్జాతీయ స్వారీ పోటీకి వచ్చిన గుర్రాల్లో గుర్రపు హెర్పిస్ వైరస్ ఒకటో రకం వ్యాపించి, వెనక కాళ్లు పట్టు తప్పి లేవలేక పదికి పైగా గుర్రాలు చనిపోయాయి. యూరప్‌లో చాలా దేశాల్లో వారాల తరబడి పోటీలు రద్దయ్యాయి. ఈ వైరస్ ఒకసారి సోకిన గుర్రంలో జీవితాంతం నిద్రాణంగా ఉండి, ప్రయాణం, రద్దీ, అలసట వంటి ఒత్తిడిలో మేల్కొంటుంది కాబట్టి పోటీల వద్ద దానికి అన్ని వీలులూ సమకూరుతాయి. ఆ విపత్తు తరవాత అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య పోటీకి వచ్చే గుర్రాలకు రోజుకు రెండుసార్లు వేడి చూసి నమోదు చేయడాన్ని నియమం చేసింది. కోట్ల విలువైన గుర్రాలకైనా పెళ్లిగుర్రానికైనా మొదటి రక్షణ ఆ రెండు అంకెలే.

వర్షాకాలంలో జంషెడ్‌పూర్ పరిసరాల్లో మరో ముప్పు కూడా ఉంది. నీరు నిలిచి, పచ్చిక పెరిగినప్పుడు జోరీగలు విపరీతమవుతాయి; ఒక జంతువును కుట్టి, రక్తం పూర్తిగా తాగకుండానే తోలేయబడి మరోదాని మీద వాలే ఈ ఈగ మూతికి అంటిన రక్తంతో సర్రా అనే జబ్బు పాకుతుంది. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో సైనిక పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్, చిక్కిపోయి కాళ్లు వాచి చచ్చిపోతున్న గుర్రాల, ఒంటెల రక్తంలో పాములా మెలికలు తిరిగే పరాన్నజీవిని చూసి, జబ్బుకు కారణం అదేనన్నారు. పైవారు ఒప్పుకోలేదు. తరవాత ఆ జీవికి ఆయన పేరే కలిసి ట్రిపనొసోమా ఇవాన్సై అయింది, 1901లో లియొనార్డ్ రోజర్స్ జోరీగ ద్వారా జబ్బు పాకుతుందని ప్రయోగాలతో చూపారు. శాల చుట్టూ నీరు నిలవనీయకపోవడం, లద్ది కుప్పను దూరంగా వేసి రెండు మూడు రోజులకోసారి తరలించడం, కిటికీలకు వల కట్టడం, జోరీగలు ముసిరే పగటి వేళ గుర్రాలను లోపల ఉంచడం ఇక్కడ పనికొచ్చే ఉపాయాలు. ఆ వల అవసరం ఎంతటిదో 2020లో థాయిలాండ్‌కు తెలిసింది. నలుసంత కీటకం వల్ల వచ్చే ఆఫ్రికన్ గుర్రపు జబ్బు అక్కడ అయిదు వందలకు పైగా గుర్రాలను చంపినప్పుడు దేశమంతటా శాలలకు దోమతెరలు కట్టారు. అదే జబ్బు 1960లో భారతదేశానికి కూడా వచ్చింది. 2014 నుంచి ఈ దేశం దాని నుంచి విముక్తమైనదిగా అంతర్జాతీయ గుర్తింపు ఉంది. జోరీగ మూతి చేసే పనే ఒకే సూదితో నాలుగు గుర్రాలకు ఇంజెక్షన్ చేసే మనిషి కూడా చేస్తాడని, 1987లో దేశంలో బయటపడిన గుర్రపు అంటు రక్తహీనత ఆ దారిన పాకే జబ్బేనని ఇక్కడ చేర్చడం అవసరం.

ఈ జాగ్రత్తలన్నిటికీ ఆధారమైన మనిషి దగ్గరికి తిరిగి రావలసి ఉంది. సైసు నెలకు ఒక్క సెలవైనా లేకుండా, చాలాచోట్ల శాల మూలలోనే పడుకుంటూ, గుర్రం పక్కనే అన్నం తింటాడు. పారిస్‌లో 1837లో మరణించిన పనివాడు పడుకున్న చోటుకూ దీనికీ పెద్ద తేడా లేదు. తనకు జ్వరమొచ్చిందని చెబితే కూలి పోతుందని దాస్తాడు, గుర్రానికి జ్వరమొచ్చిందని చెబితే తనను తిడతారని దాస్తాడు. యజమాని కూడా గ్లాండర్స్ అనుమానాన్ని దాస్తాడు, ఎందుకంటే నిర్ధారణ అయితే గుర్రం పోతుంది, పరిహారం గుర్రం విలువకు చాలదు, ఎప్పుడు చేతికి వస్తుందో తెలియదు. భయం వల్ల దాగిన ఒక్క జ్వరం శాలను దాటి ఊరంతా తిరుగుతుంది. చట్టంలో శిక్షలు ఎంత పెంచినా ఈ భయం పోదు. పరిహారం వెంటనే, సరిపడా అందితేనే పోతుంది. పెళ్లిగుర్రం యజమానికి ఆ గుర్రమే జీవనాధారం అని ప్రభుత్వ లెక్క ఒప్పుకోవడం దీనికి మొదటి షరతు.

ఈ మాట జంషెడ్‌పూర్‌లో చెప్పడానికి ప్రత్యేక కారణముంది. ఎనిమిది గంటల పనిదినాన్ని ఇక్కడి ఉక్కు కర్మాగారం 1912లోనే అమలుచేసింది. 1915లో ఉచిత వైద్యసహాయం, 1920లో జీతంతో కూడిన సెలవు, ప్రమాదానికి నష్టపరిహారం ఇచ్చింది. కొలిమి దగ్గర పనిచేసే మనిషి శరీరాన్ని కాపాడటం ఉత్పత్తిలో భాగమని ఈ నగరం అంత ముందే గ్రహించింది. ఆ గ్రహింపు గుర్రపుశాల గుమ్మం దాకా రావడానికి ఏ అడ్డూ లేదు. కాంకేలోని రాంచీ పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉంది. అక్కడి అధ్యాపకులు సైసులకు హిందీలో, బెంగాలీలో, తెలుగులో ఒక పూట శిక్షణ ఇవ్వడం కష్టమైన పని కాదు.

శాలను జబ్బు లేకుండా ఉంచడం సాధ్యమేననడానికి ఇటీవలి సాక్ష్యం మీరట్‌లో ఉంది. సైనిక రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలోని శాలలను గ్లాండర్స్, సర్రా, ఇన్‌ఫ్లుయెంజా, అంటు రక్తహీనత, పిరోప్లాస్మోసిస్ అనే అయిదు జబ్బుల నుంచి విముక్తమైన ఆవరణగా 2025 జులైలో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తించింది; దేశంలో అటువంటి గుర్తింపు పొందిన మొదటి ఆవరణ అదే. పిరోప్లాస్మోసిస్ అంటే పిడుదుల వల్ల పాకి, ఎర్ర రక్తకణాలను చితకగొట్టే జబ్బు. భారతీయ రౌతులు 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ అనే స్వారీ పోటీలో జట్టు స్వర్ణం గెలిచినప్పుడు వారి గుర్రాలు యూరప్‌లో ఉన్నవే. భారతీయ శాలలో పెరిగిన గుర్రం విదేశీ పోటీకి పోగలిగే దారి మీరట్ ఆవరణతో తెరుచుకుంది. ఆ ఆవరణలో పాటించే పద్ధతుల్లో చాలాభాగం పైన చెప్పిన బకెట్టు, పట్టిక, వరుస, వల, సబ్బులే. వాటిని ప్రతిరోజూ, ఎవరూ చూడని వేళ కూడా పాటించేలా మనుషులను తీర్చిదిద్దడమే అక్కడి ఘనత.

జంషెడ్‌పూర్‌లోనూ దాని చుట్టుపక్కలా గుర్రాలున్న ప్రతి యజమానికీ, శిక్షణశాల నిర్వాహకులకైనా ఒక్క పెళ్లిగుర్రం ఉన్నవారికైనా, ఈ ఉపన్యాసం చేసే విజ్ఞప్తి ఇది: వచ్చే వర్షాలకు ముందే ప్రతి గుర్రానికీ వేరు బకెట్టు, ప్రతి శాలకూ ఒక థర్మామీటరు, దాని పక్కన ఒక పట్టిక ఏర్పాటు చేయండి, సైసుకు చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ, శాలకు బయట పడుకోవడానికి చోటూ, జ్వరమొచ్చిన రోజున జీతం కోయని సెలవూ ఇవ్వండి.